సార్‌కి టైమవుతోంది

మా హోటల్లో హాలుకీ వంటింటికీ మధ్య ఊగే తలుపు ఒకటుంది. రెండు చేతుల్లోనూ పళ్ళేలున్నా సరే, భుజంతో నెడితే చాలు, ఎటు నెడితే అటు తెరుచుకుంటుంది. నేను చేరిన రోజు నుంచీ, అంటే పదిహేడేళ్ళుగా, అది కిర్రుమంటూనే ఉంది. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఆ చప్పుడు చిరాకు. మాకు మాత్రం అదే రక్షణ. అటువైపు నుంచి ఎవరైనా నెట్టారంటే తలుపు పూర్తిగా తెరుచుకునేలోపు ఆ కిర్రు రెండు క్షణాలపాటు సాగేది. ఆ రెండు క్షణాల్లో వంటాయన నోట్లో సిగరెట్టు కిటికీలోంచి బయటికి ఎగిరిపోయేది. గిన్నెలు కడిగే వదిన సగం తిట్టుని దగ్గుగా మార్చేసేది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్న నేను లేచి, ఏప్రాన్ సర్దుకుని, మొహానికి నవ్వు తగిలించుకునేదాన్ని.

అవును, తగిలించుకునేదాన్నే. ఇందులో దాపరికమేముంది? నేను సర్వర్ని. హోటల్లో అందరూ పెద్దక్క అంటారు. హాల్లో నా గొంతు వెన్నపూస. "ఏం తీసుకుంటారండీ? సూపు ఇప్పుడే దించారు, వేడిగా ఉంది." తలుపు దాటి వంటింట్లో అడుగుపెట్టానా, నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. సూపులో వెంట్రుక ఉందని గొడవచేసి, చూస్తే అది తన మీసందే అయిన పెద్దమనిషిని ఆ బకెట్టు మీద కూర్చునే కడిగేస్తాను. వందమందికి నవ్వుతూ వడ్డించినదానికి తలుపు అవతల మూతి తిప్పే హక్కు కూడా లేకపోతే ఎలాగండీ? నేను మనిషినా, గోడకి తగిలించిన బొమ్మనా?

ఇంకో సంగతి. నాకు మనుషుల్ని అనుకరించడం వచ్చు. ఎవరు ఎలా కూర్చుంటారు, ఎలా పిలుస్తారు, ఎలా చెంచా నాకుతారు, ఒక్కసారి చూస్తే చాలు, దించేస్తాను. రష్ తగ్గాక వంటింట్లో నా ఆట మొదలైతే వంటాయన గరిటె పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆయన్ని నేను అన్నయ్యా అంటాను, తను నన్ను చెల్లెమ్మా అంటాడు. గిన్నెల వదినకైతే నవ్వితే కళ్ళనీళ్ళు వచ్చేస్తాయి.

ఇలా మా మానాన మేం హాయిగా ఉంటుంటే అల్లుడుగారు దిగారు. మా యజమానురాలికి నడుం నొప్పి ఎక్కువై, కౌంటర్లో కూర్చోడానికి అల్లుణ్ణి పంపించింది. చాలా మంచివాడు. చిక్కంతా అక్కడే. మంచివాళ్ళకి ఏదో ఒకటి బాగుచేస్తే గాని తోచదు. సోమవారం పొద్దున నూనె డబ్బా తెచ్చి, స్టూలెక్కి, తలుపు బందులకి స్వయంగా నూనె పట్టించారు.

"చూశారా పెద్దక్కా!" అని వేలితో నెట్టి చూపించారు. తలుపు గాలిలా తెరుచుకుంది, గాలిలా మూసుకుంది. చప్పుడన్నదే లేదు.

"భలే సార్" అన్నాం అందరం. దద్దమ్మలం. పదిహేడేళ్ళ అలవాటు కదా, ఆ కిర్రు వినబడనంతసేపూ ఎవరూ రావడం లేదని మా చెవులు మాకు చెబుతూనే ఉంటాయన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఇక సార్ గురించి చెప్పాలి. ఊరి పటాలు గీసే ఆఫీసు మా వీధి చివరే ఉంది. ఆ ఆఫీసులో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. పెళ్ళీ గిళ్ళీ లేదు. పదకొండేళ్ళుగా సరిగ్గా ఒంటిగంటకి వచ్చి, కిటికీ పక్కన ఇద్దరికి సరిపోయే చిన్న టేబుల్ దగ్గర ఒక్కరే కూర్చుంటారు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు, ఒళ్ళో నాప్కిన్. సూపు, రొట్టె, గుడ్డు, చివర టీ. ఒకటీ ముప్ఫైఅయిదు కాగానే చెయ్యి చాపి వాచీ చూసుకుని, "అయ్యో, ఒకటీ నలభైకి నేను సీట్లో ఉండాలమ్మా, పైవాళ్ళు ఎదురుచూస్తుంటారు" అని లేస్తారు. అందుకే వంటింట్లో ఆయన పేరు ఒకటీ నలభై సార్. ఆయన రాగానే నేను తలుపు నెట్టి లోపలికి కేక వేసేదాన్ని. "సార్‌కి టైమవుతోంది, త్వరగా పట్టుకురండి!" ఆ కేకకి ఆయన వెన్ను కాస్త నిటారయ్యేది. అది నేను గమనించాను. మనుషుల్ని గమనించడమే కదా నా పని.

నాలుగేళ్ళ కిందట సార్ రిటైరయ్యారు. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. మర్నాడు ఒంటిగంటకి మామూలుగానే వచ్చారు, మామూలుగానే వాచీ చూసుకున్నారు, మామూలుగానే లేచి వెళ్ళారు. కాసేపటికి ఆయన ఆఫీసులోనే పనిచేసే లావు గుమాస్తా నన్ను పిలిచి, "అదేంటక్కా, సార్ నిన్ననే రిటైరయ్యారుగా! ఆఫీసులో సభ పెట్టాం. సెలవు చీటీ పంపించి, సభకే రాలేదాయన. ఇప్పుడు పైవాళ్ళు ఎదురుచూడటమేమిటి?" అని అడిగాడు.

నేను ఒక్క చూపు చూశాను. "మీరు తినండి" అన్నాను. అంతే, గుమాస్తా తలొంచుకుని తిన్నాడు. అప్పట్నుంచి హాల్లో రోజూ భోంచేసేవాళ్ళందరికీ తెలుసు, వంటింట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. నాలుగేళ్ళు ఆయన వాచీ చూసుకున్నారు, నాలుగేళ్ళు నేను కేక వేశాను. హోటలెంత కిటకిటలాడుతున్నా సార్ సూపు అయిదు నిమిషాల్లో టేబుల్ మీద ఉండేది. ఒకటీ నలభై తర్వాత ఆయన పోస్టాఫీసు వెనక పార్కులో బెంచీ మీద కూర్చుంటారని అన్నయ్య ఒకసారి చూసొచ్చి చెప్పాడు.

నూనె పట్టించిన మూడో రోజు, అంటే బుధవారం. సార్ తిన్నారు, వాచీ చూసుకున్నారు, వెళ్ళారు. నేను ఖాళీ పళ్ళేలతో వంటింట్లోకొచ్చి, పళ్ళేలు దించి, ఏమనిపించిందో ఏమో, సార్‌ని మొదలెట్టాను. ఆయన్ని అంతకు ముందెప్పుడూ చేయలేదని చెప్పను, చేశాను. ఆరోజు మాత్రం మహా బాగా కుదిరింది. బకెట్టు మీద కూర్చుని చేతిగుడ్డ ఒళ్ళో పరుచుకున్నాను. ఒక భుజం కిందకి దించాను. చెయ్యి చాపి, లేని వాచీని కళ్ళు చికిలించి చూసి, "అయ్యో, ఒకటీ నలభై! పైవాళ్ళు ఎదురుచూస్తుంటారమ్మా!" అన్నాను.

"ఏ పైవాళ్ళు సార్? బెంచీ మీది పావురాలా?" అన్నాడు అన్నయ్య.

"పాపం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాయి, రిటైరయ్యానని వాటికి చెప్పలేదు నేను!" అన్నాను సార్ గొంతుతో.

వదిన సింకు పట్టుకుని వంగిపోయింది. అన్నయ్య నవ్వలేక నవ్వలేక గోడకి ఆనుకున్నాడు. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ నా వెనక్కి చూస్తున్నారు. నేను భుజం దించినదాన్ని దించినట్టే తిరిగాను.

తలుపు తెరిచి పట్టుకుని సార్ నిలబడి ఉన్నారు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయనే అన్నారు, మెల్లగా, అప్పజెప్పినట్టు. "సూపు... ఇవాళ చాలా బాగుంది. అది చెబుదామని వెనక్కొచ్చాను." తలుపు వదిలేశారు. అది చప్పుడు లేకుండా మూసుకుంది.

గురువారం ఒంటిగంటకి కిటికీ టేబుల్ ఖాళీ. శుక్రవారమూ ఖాళీయే. శనివారం అల్లుడుగారు ఆ టేబుల్ దగ్గర ఎవర్నో కూర్చోబెట్టబోతే నేను అడ్డం పడి, "అది రిజర్వు" అని విసురుగా అన్నాను. కొత్త మనిషి బెదిరిపోయాడు పాపం. వంటింట్లో అన్నయ్య రెండుసార్లు సూపులో ఉప్పు మర్చిపోయాడు. ఆ పావురాల మాట తనే అన్నాడు కదా, అది తనని తొలిచేస్తోంది. నా సంగతి చెప్పనక్కర్లేదు. తల కొట్టేసినట్టయింది. ఆయన మాకు చూపించుకోవాలనుకున్న మొహం ఒకటుంది. నాలుగేళ్ళు దాన్ని జాగ్రత్తగా కాపాడి, చివరికి నేనే కింద పడేసి పగలగొట్టాను. ఇక ఆయన ఈ గడప తొక్కరా? ఆ మనిషికి రోజులో పలకరింపంటూ ఉన్నది ఈ ఒంటిగంట ఒక్కటేనని నాకు తెలుసు. అది కూడా పోగొట్టానే!

ఆదివారం హోటలుకి సెలవు. ఇంట్లో చొక్కాలు మడతపెడుతూ కూర్చున్నాను. మా ఆయన దర్జీ, ఆదివారం కూడా మిషను దగ్గరే. మా అత్తగారు మంచం మీంచి చాలాసేపు నన్ను చూసింది.

"ఒక్క చొక్కాని నాలుగుసార్లు మడిచావే. ఏమైంది?"

చెప్పాను. ఆవిడకి చెప్పకుండా దాచడం ఈ ఇంట్లో ఎవరివల్లా కాదు.

"వెళ్ళి తప్పయిందని చెప్పు."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అత్తయ్యా?"

"నీకున్నది ఒక్కటే మొహమైతే ఇబ్బంది గాని" అంది అత్తగారు, "నీ దగ్గర డజను ఉన్నాయి కదే. పనికొచ్చేది ఒకటి చూసుకుని వెళ్ళు."

మా ఆయన మిషను ఆపి మరీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా సోమవారం లావు గుమాస్తాని బతిమాలి సార్ అడ్రసు రాయించుకున్నాను.

మంగళవారం డ్యూటీ అయ్యాక నాలుగింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నా మోకాళ్ళు మెట్టుకొక శాపం పెట్టాయి. బెల్లు కొడితే వెంటనే తలుపు తెరుచుకుంది. పాలవాడో ఎవరో అనుకున్నట్టున్నారు.

చిల్లుల బనియను, నలిగిన పైజామా, వారం రోజుల గడ్డం. ఎడమచేతిలో గిన్నె, కుడిచేతిలో చెంచా. గిన్నెలోంచే నిలబడి తింటున్నారు. పదకొండేళ్ళుగా ఒళ్ళో నాప్కిన్ పరుచుకోకుండా ముద్ద ముట్టని మనిషి! నేను చూశాను. నేను చూడటం ఆయన చూశారు.

"ఒక్క నిమిషం" అని తలుపు మూసేశారు.

లోపల ఒకటే హడావిడి. బీరువా తలుపు చప్పుడు, కుళాయి చప్పుడు, ఏదో కింద పడింది. నేను ఆ గుమ్మంలో నిలబడి ఆలోచించాను. ఇలాగే నిలబడితే, ఆ తలుపు మళ్ళీ తెరిచినప్పుడు ఆయన ఎంత చక్కగా తయారైనా, ముందు చూసిన మనిషినే నేను చూస్తున్నట్టుంటుంది. ఒకసారి వంటింట్లో పరువు తీశాను. రెండోసారి ఆయన గుమ్మంలోనే తీయాలా?

చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా రెండో అంతస్తు దాకా దిగాను. అక్కడ గోడకి ఆనుకుని కాసేపు ఆగాను. తర్వాత చెప్పులు తొడుక్కుని, టపటపలాడించుకుంటూ, "అమ్మో అమ్మో, ఎన్ని మెట్లు బాబోయ్! ఈ ఇళ్ళు కట్టినవాళ్ళకి మోకాళ్ళు లేవా?" అని బిల్డింగంతా వినబడేలా తిడుతూ మళ్ళీ ఎక్కాను. బెల్లు కొట్టాను.

ఈసారి తలుపు నిదానంగా తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు, తడి దువ్వెన తగిలిన జుట్టు.

"అరె, పెద్దక్కా! ఎంతసేపైంది వచ్చి?"

"ఇదే రావడం సార్. ఇంకా ఊపిరి కూడా తీసుకోలేదు."

ఆయన నా మొహంలోకి ఒక క్షణం అలాగే చూశారు. రెండుసార్లు మెట్లెక్కిన మనిషి రొప్పు ఎలా ఉంటుందో ఆయనకి తెలియకపోదు. "లోపలికి రామ్మా" అన్నారు.

ఒక్కటే కుర్చీ. దాని మీది కాగితాలు తీసి నన్ను కూర్చోమన్నారు. తను మంచం అంచున కూర్చున్నారు. కిటికీ దగ్గర పటాలు గీసుకునే పెద్ద గీతల బల్ల, దాని మీద పెన్సిళ్ళు పొడుగుని బట్టి వరసగా పేర్చి ఉన్నాయి.

"జ్వరమొచ్చిందమ్మా. ఆఫీసుకి కూడా సెలవు పెట్టేశాను" అన్నారు బల్లవైపు చూస్తూ.

నేను తల ఊపాలి. పదిహేడేళ్ళుగా తల ఊపడమే నా ఉద్యోగం. ఆ మాట ఆయన ఎందుకన్నారో కూడా తెలుసు. విన్నది విననట్టు, చూసింది చూడనట్టు మళ్ళీ మొదలెడదామని అడుగుతున్నారు. కాని నాకు కడుపులోంచి తన్నుకొచ్చేసింది.

"తప్పయిపోయింది సార్! నన్ను తిట్టండి, రెండు దెబ్బలెయ్యండి, అంతేగాని ఇలా చెయ్యకండి. నా నోటికి బుద్ధి లేదు. ఆరోజు నుంచి ముద్ద దిగడం లేదు నాకు."

ఆయన తన భుజం తడుముకుని, "నాది కుడి భుజం" అన్నారు.

"ఏంటి సార్?"

"దిగేది నాకు కుడి భుజం. కుర్రప్పుడు భూమి కొలిచే గొలుసు మోసి మోసి అలా అయింది. నువ్వు ఎడమ భుజం దించావు. మిగతాదంతా కరెక్టుగా ఉంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎదురుగా నిలబడి చూస్తాను కదా సార్, అటుది ఇటు వచ్చేసింది" అన్నాను.

"ఊఁ" అన్నారు. కొంచెం నవ్వినట్టే ఉంది. కాని ఆ నవ్వు నిలవలేదు. "నువ్వు నన్ను వెక్కిరించావని కాదమ్మా నా బాధ. ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

అబద్ధమాడదామనుకున్నాను. నాలుక తిరగలేదు. "మర్నాటి నుంచే సార్."

"మర్నాటి నుంచే!" ఆయన కళ్ళు మూసుకున్నారు. "అంటే నాలుగేళ్ళూ... నేను వాచీ చూసుకుంటుంటే మీరంతా లోపల... వెర్రివాణ్ణి చేశారు కదమ్మా. ఆరోజు తలుపు తెరిచేసరికి ఎంత సంబరంగా నవ్వుతున్నారు ముగ్గురూ! మీరలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూడగానే ఆ మొహాలన్నీ మారిపోయాయి. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళూ నాకు వడ్డించింది వేరే నవ్వని."

అక్కడే నాకు తిక్క రేగింది. తప్పు చేసినదాన్ని, ఒప్పుకోవడానికి వెళ్ళినదాన్ని, అయినా రేగింది.

"వేరే నవ్వే సార్! కాదన్నానా? వంటింట్లో నవ్వు దానంతటదే వస్తుంది, దానికి నేను చేసేదేమీ లేదు. మీ ముందు నవ్వేది అలా రాదు. మోకాళ్ళు పీకుతుంటే, ఇంట్లో గొడవపడి వస్తే, పక్క టేబులాయన నోరు పారేసుకుంటే, అవన్నీ మింగి, తలుపు దగ్గర ఆగి, కూడగట్టుకుని తెచ్చే నవ్వు సార్ అది. ఊరికే వచ్చేది గొప్పదా, కష్టపడి తెచ్చేది గొప్పదా? మీరే చెప్పండి!"

ఆయన కళ్ళు తెరిచారు.

"ఇంకో మాట. మీకు టైమవ్వడం లేదని మాకు తెలుసు. నిజమే. మరి మేం పరిగెత్తలేదా? నలభైమంది కూర్చునుంటే, వాళ్ళందర్నీ ఆపి అయిదు నిమిషాల్లో మీ సూపు తేలేదా? ఒక్కరోజు ఆలస్యమైందా నాలుగేళ్ళలో? మీ టైము అబద్ధం కావచ్చు సార్. మా పరుగు మాత్రం నిజం. నా మోకాళ్ళని అడగండి!"

అరిచినట్టున్నాను. పక్కింటి తలుపు తెరిచిన చప్పుడైంది. నోరు మూసుకున్నాను. ఇంకేముంది, ఉన్నది కూడా పాడుచేసుకున్నాననుకున్నాను.

సార్ లేచి గీతల బల్ల దగ్గరికి వెళ్ళారు. సరిగ్గానే ఉన్న పెన్సిళ్ళని మళ్ళీ సర్దారు. అటు తిరిగే అన్నారు.

"ఆ మొదటి రోజు చెబుదామనే వచ్చానమ్మా. వాక్యం కూడా తయారు చేసుకున్నాను. కూర్చున్నానో లేదో నువ్వు లోపలికి కేక వేశావు, 'సార్‌కి టైమవుతోంది' అని. నాకు టైమవుతోందని ఇంకొకళ్ళు అనుకోవడం... ఎంత బాగుందో ఏం చెప్పను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపే ఇలా నాలుగేళ్ళు సాగింది."

నేను కుర్చీలో కాస్త ముందుకి జరిగాను.

"ఇప్పుడెలా రాను చెప్పు?" అన్నారు. "వాచీ చూసుకుంటే మీకు నవ్వొస్తుంది. చూసుకోకపోతే నాకు సిగ్గేస్తుంది. ఎటు చూసినా తల ఎత్తుకునే దారి లేదు."

"ఆ దారి నాకూ తెలియదు సార్" అన్నాను. "ఒంటిగంటకి మీ టేబుల్ మాత్రం ఖాళీగా ఉంటుంది. అల్లుడుగారు నెత్తీనోరూ కొట్టుకున్నా సరే."

గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. నేను నాలుగు మెట్లు దిగాక వెనక నుంచి, "మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమ్మా. ఒక్కరోజు రెండుసార్లు ఎక్కడం మంచిది కాదు" అన్నారు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏదో ఒక మొహం పెట్టాలి, అప్పుడు నా దగ్గర ఒక్కటీ సిద్ధంగా లేదు.

బుధవారం రాలేదు. అన్నయ్య ఒకటింబావు దాకా సూపు చిన్నమంట మీద ఉంచి, తర్వాత ఏమీ అనకుండా దించేశాడు.

గురువారం హోటలు క్రిక్కిరిసి ఉంది. ఒంటిగంటకి వీధి తలుపు దగ్గర పదిమంది నిలబడ్డారు. కిటికీ టేబుల్ ఖాళీగా ఉండటం చూసి ఒకాయన అల్లుడుగారితో గొడవకి దిగాడు. అల్లుడుగారు నావైపు చూస్తున్నారు, నేను గోడవైపు చూస్తున్నాను. అప్పుడు సార్ వచ్చారు.

నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు. వెళ్ళి కూర్చోలేదు. తన కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ దాని మీద ఆనించారు. అలవాటు కొద్దీ వంటింటి తలుపు నెట్టాను, కేక వేయబోయాను, నోట్లోనే ఆగిపోయింది. ఏమని వెయ్యను?

"ఇవాళ తొందరేం లేదమ్మా" అన్నారు సార్. హాలంతా వినబడేలా అన్నారు. "నేను రిటైరయ్యాను."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. రోజూ వచ్చేవాళ్ళలో ఈ సంగతి తెలియనివాడు ఒక్కడూ లేడు. ఎవరైనా కిసుక్కుమన్నా చాలు, ఆ మనిషి ఇక జన్మలో ఈ వీధిలోకి రారు. నేను ఒక్కొక్కళ్ళ మొహం మీదికీ కళ్ళు తిప్పుతున్నాను. ఎంతమందినని ఆపగలను?

మూల టేబుల్ దగ్గర కుర్చీ కర్రుమంది. లావు గుమాస్తా లేచి నిలబడ్డాడు. సెలవు చీటీ అందుకున్నవాడు, మనిషి రాని సభలో కూర్చుని వచ్చినవాడు. నోట్లో ముద్ద గబగబా మింగాడు.

"అదేంటి సార్!" అన్నాడు, ఆశ్చర్యంతో కళ్ళు పెద్దవి చేసి. "ఎప్పుడు?"

సార్ అతన్ని చూశారు. హాలంతా ఒకసారి చూశారు. వెన్ను నిటారు చేసుకున్నారు.

"నిన్ననే" అన్నారు.

"నిన్ననా! ఒక్క మాటైనా చెప్పలేదే సార్!" అంటూ గుమాస్తా టేబుళ్ళ మధ్య నుంచి పొట్ట ఈడ్చుకుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. వెనకే ఇంకో ఇద్దరు లేచారు. "మీకంత వయసుందా సార్? నమ్మలేం!" "ఆఫీసు ఎలా నడుస్తుంది సార్ మీరు లేకుండా?" సార్‌తో ఎన్నడూ ఒక్క మాటైనా మాట్లాడని పక్క టేబులావిడ లేచి, "శుభాకాంక్షలండీ, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అంది. గొడవకి దిగిన కొత్తాయన కూడా, ఏం అర్థమైందో ఏమో, చప్పట్లు కొట్టాడు. వంటింటి తలుపు తోసుకుని అన్నయ్య బయటికొచ్చాడు. పదిహేడేళ్ళలో తను వడ్డన వేళ హాల్లో అడుగుపెట్టడం నేను చూడలేదు. ఏప్రానుకి చేతులు తుడుచుకుని, సార్ ఎదురుగా నిలబడి, "నిజమా సార్? మా దగ్గరికి రావడం మానరు కదా?" అన్నాడు. ఆ రెండో మాట అనేటప్పుడు తన గడ్డం వణికింది.

"మానను" అన్నారు సార్. "ఇప్పుడిక నాకు టైముంది కదా."

ఆయన ఒక్కొక్కళ్ళకీ చెయ్యి అందిస్తున్నారు, థాంక్స్ చెబుతున్నారు. ఎవరెవరికి ఎంత తెలుసో ఆయనకి తెలుసు. అయినా ఆ మొహంలో వెలుగు మాత్రం అచ్చంగా నిన్న రిటైరైన మనిషిదే. నేను కూడా ఏదో ఒకటి అనాలి. నా వంతు వచ్చింది, అందరూ నావైపే చూస్తున్నారు. డజను మొహాలున్నదాన్ని, ఒక్కటి దొరకలేదు. సూపు గిన్నె చేత్తో పట్టుకుని, నిండు హాల్లో, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చేశాను.

అల్లుడుగారు కంగారుగా కౌంటర్ దిగి వచ్చారు. "పెద్దక్కా, ఏమైంది? ఎందుకు ఏడుస్తున్నారు?"

"సార్ రిటైరయ్యారట" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "నాకు ఇప్పుడే తెలిసింది."